ఊరికే వచ్చిన సర్వో అయినా సరే, పరీక్షించే తీసుకుందాం

ఇది కాస్త పెద్ద పోస్టు. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్, ఐటీఐ చదివేవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి. మిగతావాళ్లు మీ ఊళ్లో అలాంటి పిల్లలుంటే వాళ్లకి చూపించండి.

మేము పాడేరు, అరకు వైపు ఊళ్ల నుంచి వచ్చి, విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్న ఐదుగురం. మా ఐదిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇద్దరి ఇంట్లో కువి మాట్లాడతారు, ఇద్దరి ఇంట్లో ఆదివాసీ ఒడియా, ఒకరి ఇంట్లో తెలుగు. ఈ ఏడాది మేము చేసిన పని ఏంటంటే, రిమోట్ కంట్రోల్ మోడల్ విమానాల్లో వాడే పాత సర్వోలని గుర్తుపట్టి, మంచివి ఏరి, మళ్లీ ఎగిరే విమానంలో పెట్టడం. ఆ పని ఎలా చేశామో, దానివల్ల మాకు ఏం అర్థమైందో మీతో చెప్పుకోవాలని రాస్తున్నాం.

ముందు ఈ పని మా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఎస్‌ఏఈ ఇండియావాళ్లు ఇంజినీరింగ్ విద్యార్థులకి విమానాల డిజైన్ పోటీ పెడతారు. టీమువాళ్లే గీసి, కట్టి, ఎగరేసి చూపించాలి. మా కాలేజీలో కూడా ఒక టీము ఉంది. చేరదామని వెళ్తే తలా 4,000 రూపాయలు వేసుకోవాలన్నారు. మా ఇళ్లల్లో కాఫీ గింజలు, మిరియాలు అమ్మినప్పుడు తప్ప చేతిలో డబ్బు ఆడదు. ఆ డబ్బు వచ్చినా దానికి ముందే పది అవసరాలు కాచుకుని ఉంటాయి. వేసుకోలేమని చెప్పాం. అప్పుడు టీములో ఒకరు, "స్టోర్ రూములో పాత పెట్టె ఒకటి ఉంది, అందులో పనికొచ్చేవి ఏరండి, అదే మీ వాటా అనుకుంటాం" అన్నారు. అది సాయమో ఎగతాళో అప్పుడు మాకు తెలియలేదు. సరే అన్నాం.

అది ఒక ఇనప ట్రంకు పెట్టె. అమెరికాలో చాలాకాలం పనిచేసి వచ్చిన ఒక పాత విద్యార్థి తన మోడల్ విమానాల సామాను కాలేజీకి ఇచ్చేశారట. తర్వాత సీనియర్లు ఎవరివి వాళ్లు అందులో పడేస్తూ వచ్చారు. తీసి చూస్తే 19 సర్వోలు, చిక్కుపడిన వైర్లు, ఉబ్బిపోయిన బ్యాటరీలు ఉన్నాయి.

తెలియనివాళ్లకి సర్వో అంటే ఏంటో రెండు మాటల్లో చెప్తాం. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక బుల్లి మోటారు, వరసగా గేర్లు, రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండేలాంటి పొటెన్షియోమీటర్, ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. విమానంలో ఉన్న రిసీవర్ దాదాపు ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక పల్స్ పంపిస్తుంది. ఆ పల్స్ 1.5 మిల్లీసెకన్లు ఉంటే సర్వో ఆర్మ్ మధ్యలో నిలబడాలి. 1 మిల్లీసెకను ఉంటే ఒక పక్క చివరికి, 2 ఉంటే రెండో పక్క చివరికి పోవాలి. ఆర్మ్ ఇప్పుడు ఎక్కడుందో పొటెన్షియోమీటర్ చెప్తుంది. వచ్చిన ఆజ్ఞ, ఉన్న చోటు రెండూ ఒకటయ్యేదాకా బోర్డు మోటారుని తిప్పుతూనే ఉంటుంది. గాలి రెక్కని నెట్టినా సర్వో మళ్లీ అదే చోటికి తెస్తుంది.

దీనికి ముందు రబ్బరు బ్యాండు బలంతో తిరిగే ఎస్కేప్‌మెంట్లు ఉండేవి. చుక్కాని తిప్పితే పూర్తిగా తిరిగేది, లేదంటే లేదు. కర్ర ఎంత వంచితే అంతే తిరిగే పద్ధతి 1960లలో స్థిరపడింది. మాకు నచ్చింది ఏంటంటే, అప్పటి పల్స్ భాషే ఇప్పటికీ నడుస్తోంది. కొద్ది తేడాలున్నా, 40 ఏళ్ల కిందటి సర్వోకి ఈనాటి రిసీవర్ చెప్పే మాట చాలావరకు అర్థమవుతుంది. అందుకే పాతవి మళ్లీ వాడుకోగలుగుతున్నాం.

ఇక గుర్తుపట్టడం సంగతి. సంతలో కోడిని కొనేటప్పుడు ఈక పట్టుకుని చూస్తాం, కాళ్లు చూస్తాం, ఎత్తి బరువు చూస్తాం. ఇదీ అంతే. స్టిక్కరు ఒక్కటే చూసి నమ్మకూడదు. పేరున్న కంపెనీల స్టిక్కర్లతో నకిలీలు బజార్లో చాలా ఉన్నాయి.

స్టిక్కరు ఉన్నవి ముందు పక్కన పెట్టుకున్నాం. ఫుటాబా ఎఫ్‌పీ-ఎస్148, ఫుటాబా ఎస్3003, హైటెక్ హెచ్‌ఎస్-422 లాంటివి వచ్చాయి. ఎస్3003 బరువు 37 గ్రాములు, 4.8 వోల్టుల దగ్గర బలం 3.2 కిలో-సెంటీమీటర్లు. ఈ లెక్క మొదట మాకు అర్థం కాలేదు. తర్వాత కావిడి గుర్తొచ్చింది. బరువు భుజానికి దగ్గరగా ఉంటే మోయగలం, దూరంగా జరిపితే అదే బరువు భుజాన్ని వంచేస్తుంది. 3.2 అంటే, ఇరుసు నుంచి 1 సెంటీమీటరు దూరంలో 3.2 కిలోలు మోస్తుంది, 2 సెంటీమీటర్ల దూరంలో అయితే 1.6 కిలోలే మోస్తుంది. మా నాన్నలకి ఈ సంగతి చదువు లేకుండానే తెలుసు.

తర్వాత వైర్లు చూడాలి. ఫుటాబాకి ఎరుపు, నలుపు, తెలుపు. తెలుపు సిగ్నల్. దాని ప్లగ్గు పక్కన చిన్న రెక్కలాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది. వేరే రకం రిసీవర్‌లో దూరకపోతే ఆ రెక్కని బ్లేడుతో చెక్కేస్తే సరిపోతుంది. జేఆర్‌కి గోధుమ రంగు, ఎరుపు, నారింజ. హైటెక్‌కి నలుపు, ఎరుపు, పసుపు. ఈ మూడింటిలోనూ ఎరుపు, అంటే ప్లస్, మధ్యలో ఉంటుంది. అందువల్ల ప్లగ్గు తిరగేసి పెట్టినా మామూలుగా కాలిపోదు, పనిచెయ్యదు అంతే. కానీ పాత సాన్వా సర్వోలు (అమెరికాలో ఎయిర్‌ట్రానిక్స్ పేరుతో అమ్మేవారు) అలా కాదు. వాటిలో ఎరుపు అంచున ఉంటుంది. ప్లగ్గు చక్కగా దూరుతుంది, కానీ ప్లస్ మైనస్ తారుమారై బోర్డు కాలిపోతుంది. మా పెట్టెలో అలాంటివి రెండు దొరికాయి. గుండుసూదితో ప్లగ్గులోంచి పిన్నులు తీసి, సరైన వరసలో పెట్టాకే కరెంటు ఇచ్చాం.

స్టిక్కరు చిరిగిపోయిన వాటికి ఆర్మ్ ఎక్కే పళ్లు లెక్కపెట్టాం. ఫుటాబాకి 25, హైటెక్‌కి 24, జేఆర్‌కి 23 ఉంటాయి. ఒకదాని ఆర్మ్ ఇంకోదానికి బలవంతంగా ఎక్కిస్తే ఎక్కుతుంది, కానీ పళ్లు నలిగి గాల్లో జారిపోతుంది. పళ్లు లెక్కపెట్టడానికి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూశాం.

రెండు సర్వోలకి మూడు కాదు, నాలుగు వైర్లు ఉన్నాయి. వాటి దగ్గర మాకు రెండు రోజులు పట్టింది. 4.8 వోల్టుల బ్యాటరీ అంటే నాలుగు సెల్లులు. పాతకాలంలో ఆ నాలుగింటి మధ్యలోంచి, అంటే 2.4 వోల్టుల దగ్గర, ఇంకో వైరు లాగేవారు. పై రెండు సెల్లులతో మోటారు ఒక పక్కకి, కింది రెండింటితో ఇంకో పక్కకి తిరిగేది. తర్వాత 1970లలో సిగ్నెటిక్స్ కంపెనీ ఎన్‌ఈ544 లాంటి ఐసీలు వచ్చాక ఆ మధ్య వైరు అవసరం పోయింది. ఆ రెండింటి మీదా క్రాఫ్ట్ అని రాసి ఉంది. క్రాఫ్ట్ సిస్టమ్స్ కాలిఫోర్నియా కంపెనీ. దాన్ని పెట్టిన ఫిల్ క్రాఫ్ట్ 1967లో రేడియో కంట్రోల్ ఏరోబాటిక్స్‌లో ప్రపంచ ఛాంపియన్. వాటిని ఎగిరే విమానంలో పెట్టలేదు. శుభ్రంగా తుడిచి, కాగితం మీద వివరం రాసి ల్యాబ్ అద్దాల బీరువాలో పెట్టించాం. అన్నింటినీ మళ్లీ వాడెయ్యాలని లేదు, కొన్నింటిని దాచుకోవాలి కూడా.

ఇప్పుడు అసలు పని, పరీక్షలు. ప్రతి సర్వోకి కాగితం అంటించి నంబరు వేశాం. ఒక లాంగ్ నోట్‌బుక్కులో నంబరుకి ఒక పేజీ.

మొదటి పరీక్ష నల్ల వైరుది. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలు కారితే ఆ తుప్పు మైనస్ వైరు లోపల పాకుతుంది. పైన రబ్బరు నిగనిగలాడుతూనే ఉంటుంది. చివర కొంచెం ఒలిచి చూస్తే రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా ఉంటే ఆ వైరు విరిగిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే, టంకం కూడా అంటుకోదు. అలా ఉన్నవాటికి మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త వైరు వేశాం. ఆ బ్యాటరీలని మాత్రం మళ్లీ వాడే ఆలోచనే పెట్టుకోకండి. కాడ్మియం విషం. మట్టిలో పడెయ్యకూడదు, కాల్చకూడదు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

రెండోది చేతి పరీక్ష. కరెంటు లేకుండా ఆర్మ్‌ని మెల్లగా, అంటే చాలా మెల్లగా, ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి. గేరు పన్ను విరిగి ఉంటే ఒకచోట టక్కుమని జారినట్టు వేలికి తెలుస్తుంది. బిగుసుకుపోయినట్టుంటే పాత గ్రీజు గట్టిపడిందన్నమాట. కింద నాలుగు పొడవాటి స్క్రూలు విప్పి, గేర్ల వరస ఫొటో తీసుకుని, ఒక్కొక్కటీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్లాస్టిక్‌కి పనికొచ్చే గ్రీజు చుక్క వేశాం. పెట్రోలు, థిన్నరు పెడితే ప్లాస్టిక్ పాడవుతుంది.

మూడోది కరెంటు పరీక్ష. దీనికి ఆర్డ్యునో బోర్డు వాడాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆర్డ్యునో సర్వో లైబ్రరీ ఏమీ మార్చకుండా వాడితే పల్స్ 544 నుంచి 2400 మైక్రోసెకన్ల దాకా పోతుంది. పాత సర్వోలకి అది హద్దు దాటడమే. లోపల అడ్డుకి గుద్దుకుని గేర్లు అరిగిపోతాయి. అందుకని డిగ్రీల్లో కాకుండా మైక్రోసెకన్లలోనే చెప్పి, 1000 నుంచి 2000 మధ్యే నడిపాం. సర్వోకి కరెంటు ఆర్డ్యునో నుంచి ఇవ్వకుండా విడిగా నాలుగు రీచార్జబుల్ సెల్లుల నుంచి ఇచ్చి, రెండింటి మైనస్‌లు కలిపాం. ఊరికే నిలబడి ఉన్నప్పుడు మంచి సర్వో కొద్ది మిల్లీఆంపియర్లే తీసుకుంటుంది. పని లేకుండానే వందల్లో తాగుతుంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే.

నాలుగోది వణుకు పరీక్ష. సర్వో బతుకంతా ఎక్కువగా మధ్యలోనే గడుస్తుంది, కాబట్టి పొటెన్షియోమీటర్ పట్టీ అక్కడే ఎక్కువ అరుగుతుంది. 1400 నుంచి 1600 దాకా కొంచెం కొంచెంగా కదిపితే, అరిగినచోట ఆర్మ్ గిజగిజలాడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్ని బాగుపడ్డాయి. బాగుపడనివి గాల్లోకి పంపలేదు. ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా ఆర్మ్ ఒకే చోట ఆగుతోందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి.

ఐదోది బరువు పరీక్ష. మెస్ వంటాయన్ని అడిగి కిలో తూకం రాయి తెచ్చుకున్నాం. ఆర్మ్ మీద 1.5 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీశాం. అంటే ఎస్3003 మోయగలిగినదాంట్లో దాదాపు సగం. ఎత్తాలి, నిలపాలి, దించాలి, మళ్లీ మధ్యకి రావాలి. తర్వాత అరగంట ఆపకుండా ఇటూ అటూ తిప్పి, ముట్టుకుంటే వేడెక్కిందా చూశాం.

ఇన్నీ అయ్యాక 19లో లెక్క ఇలా తేలింది. 7 ఎగరడానికి పనికొస్తాయి. 4 నేల మీద పనులకి మాత్రమే. 6 విడిభాగాలకి. 2 బీరువాలోకి. ఆ 7లో ఒకటి మేమే కట్టింది. ఒకే మోడల్‌వి రెండు ఉంటే, ఒకదాంట్లో మోటారు కాలిపోయి ఉంది, ఇంకోదాంట్లో గేర్లు విరిగి ఉన్నాయి. రెండూ కలిపి ఒకటి చేశాం. మా ఇళ్లల్లో గొడ్డలికి కామ విరిగితే కామ మారుస్తారు గానీ గొడ్డలి పారెయ్యరు కదా.

నోట్‌బుక్కు తీసుకుని టీము దగ్గరికి వెళ్లాం. పోటీ విమానానికి ముందు ఎగరెయ్యడం నేర్చుకునే ట్రైనర్ ఒకటి కడుతున్నారు. బాల్సా చెక్కతో, రెండున్నర కిలోల బరువు. ఎలివేటర్‌కి ఒకటి, రడ్డర్‌కి ఒకటి, రెక్కలకి రెండు, మొత్తం నాలుగు సర్వోలు కావాలి. "పాత చెత్త పెట్టి విమానం కూల్చేస్తారా" అని ఒకరన్నారు. ఆ మాటకి మేము కోపం తెచ్చుకోలేదు, ఎందుకంటే ఆ భయం సబబే. ఎలివేటర్ సర్వో గాల్లో ఆగిపోతే రెండున్నర కిలోల చెక్క ఎవరి నెత్తిమీద పడుతుందో తెలియదు. మేము అడిగింది ఒక్కటే. మీరు కొన్న కొత్తవి కూడా ఇవే ఐదు పరీక్షలకి పెడదాం. పాతవీ కొత్తవీ ఒకే వరసలో నిలబడనివ్వండి.

ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త సర్వోలు నాలుగు ఉన్నాయి. మూడు నెగ్గాయి. నాలుగోది మధ్యలో వణికింది, బరువు దించాక మధ్యకి సరిగా రాలేదు. ప్యాకెట్ విప్పి వారం కూడా కాలేదు. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు నోట్‌బుక్కు ఇమ్మని వాళ్లే అడిగారు. ఎలివేటర్‌కీ రెండు రెక్కలకీ మా ఏడింటిలో అన్నిటికన్నా బాగున్న మూడు, రడ్డర్‌కి కొత్తది ఒకటి పెట్టాలని అందరం కలిసి తేల్చాం.

ఇంకో మాట కూడా జరిగింది. మా నంబర్ 12 సర్వో మీద మంచి కంపెనీ స్టిక్కరు ఉంది, చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. దాన్నే పెడదామన్నారు. వణుకు పరీక్షలో అది రెండుసార్లు పోయింది. "కాసేపే కదా ఎగిరేది" అన్నారు. పెట్టనివ్వలేదు. మా వాటాగా లెక్క పెరగాలంటే అది ఎనిమిదోది అయ్యేది, అయినా పెట్టనివ్వలేదు. ఇప్పుడది పేలోడ్ జారవిడిచే తలుపు ఎలా పనిచేస్తుందో బల్ల మీద చూపించే నమూనాలో ఉంది.

ట్రైనర్ ఇప్పటికి 11 సార్లు ఎగిరింది. ప్రతిసారీ ముందు సర్వోలు చూస్తాం, దిగాక చూస్తాం. ఎక్కడ ఎగరెయ్యాలన్నది కూడా ముఖ్యమే. విశాఖలో నేవీవాళ్ల ఐఎన్‌ఎస్ డేగా ఉంది. ఖాళీ మైదానం కనిపించింది కదా అని ఎగరెయ్యకూడదు. డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసి, కాలేజీ అనుమతితో ఊరికి దూరంగా తీసుకెళ్తున్నాం.

మీరు చెయ్యాలనుకుంటే మరో మూడు విషయాలు గుర్తుంచుకోండి. పాత సర్వోలు 4.8 నుంచి 6 వోల్టులకి చేసినవి. రెండు సెల్లుల లైపో నిండుగా ఉంటే 8.4 వోల్టులు ఉంటుంది, నేరుగా ఇస్తే కాలిపోతాయి. 5 వోల్టుల బీఈసీ ద్వారా ఇవ్వండి. రెండోది, కొత్త గైరోలు, ఫ్లైట్ కంట్రోలర్లు కొన్ని సెకనుకి 333 పల్స్‌లు పంపుతాయి. పాతవి 50కే అలవాటు పడ్డవి, వేడెక్కి పోతాయి. సెట్టింగులో 50కి మార్చాలి. మూడోది, కొన్ని కొత్త రిసీవర్ల సిగ్నల్ 3.3 వోల్టులే ఉంటుంది. అది కొన్ని పాత సర్వోలకి వినపడదు. కదలకపోతే సర్వో చచ్చిందని వెంటనే పారెయ్యకుండా 5 వోల్టుల సిగ్నల్‌తో ఒకసారి చూడండి. ఇంకా, బరువు లెక్క మర్చిపోవద్దు. ఎస్3003లు నాలుగు కలిపితే 148 గ్రాములు, 9 గ్రాముల బుల్లి సర్వోలు నాలుగు కలిపితే 36. అర కిలో థర్మోకోల్ విమానానికి పాతవి భారం, పెద్ద బాల్సా విమానానికి సరిగ్గా సరిపోతాయి.

చివరగా మా మనసులో మాట. మనకి చిన్నప్పటి నుంచి పాతవి ఇవ్వడం అలవాటే. ఎవరో వాడిన పుస్తకాలు, ఎవరో వదిలేసిన కంప్యూటర్లు, మూలన పడ్డ ల్యాబ్ సామాను. "ఏజెన్సీ పిల్లలకి ఇది చాలు" అన్న మాట చాలాసార్లు విన్నాం. అలాంటప్పుడు మనం రెండే చేస్తాం. తలవంచుకుని తీసుకుంటాం, లేదా అవమానంగా అనిపించి ముట్టుకోం. ఈ పెట్టె మాకు మూడో దారి చూపించింది. ముందు పరీక్షించాలి. మంచిదైతే అది పాతదైనా మనది. చెడ్డదైతే ఊరికే ఇచ్చినా, స్టిక్కరు మెరుస్తున్నా, వద్దని చెప్పాలి. అలా వద్దనడానికి మనకి డబ్బు అక్కర్లేదు, ఆ వస్తువు గురించి తెలిసి ఉంటే చాలు. సంతలో తూకం తెలిసినవాణ్ణి షావుకారు మోసం చెయ్యలేడు, ఇక్కడా అంతే.

మీ కాలేజీ స్టోర్ రూములో, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ గదిలో ఇలాంటి పెట్టెలు ఉండొచ్చు. పాత సామాన్లవాడికి కిలోల లెక్కన పోకముందే అడిగి చూడండి. మా నోట్‌బుక్కు పేజీల ఫొటోలు కావాలంటే అడగండి, పెడతాం. మా దగ్గర ఇంకా రెండు మంచి సర్వోలు ఖాళీగా ఉన్నాయి. మన పిల్లలు ఎవరైనా విమానం కడుతుంటే ఇస్తాం. కానీ మేమిచ్చాం కదా అని నమ్మెయ్యకండి, మీరూ ఐదు పరీక్షలూ చేసుకునే పెట్టుకోండి.

జై ఆదివాసీ.